పాత బండికి ఇండికేటర్ కొట్టుకోవడం లేదా? రిలే కొనేముందు ఇవి చూడండి

విశాఖలో మద్దిలపాలెం నుంచి వస్తూ హనుమంతవాక దగ్గర విశాలాక్షినగర్ వైపు కుడికి తిరగాలి. సాయంత్రం ఏడు దాటింది, వెనక లారీ వస్తోంది. ఇండికేటర్ వేశాను. మీటరులో చిన్న బల్బు వెలిగింది గానీ కొట్టుకోలేదు, అలాగే ఉండిపోయింది. వెనక లైటు అసలు వెలగలేదన్న సంగతి నాకు తెలియదు. సగం తిరిగేసరికి లారీ హారన్, బ్రేకుల చప్పుడు ఒకేసారి వినిపించాయి. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి "ఇండికేటర్ వేసుకోవాలి కదా!" అని అరిచాడు. నేను వేశాను. అతనికి కనపడలేదు.

అది మా నాన్నగారి 2003 స్ప్లెండర్. ఆ సంఘటనకి ముందు నెలలోపే రెండుసార్లు రిలే (ఇండికేటర్ కొట్టుకునేలా చేసే చిన్న డబ్బా) మార్పించి ఉన్నాను. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను, చాలా ఏళ్ళుగా బండ్ల వైరింగ్ పని చేస్తున్నాయన. ఆయన రిలే జోలికే పోలేదు. వెనక ఇండికేటర్ గ్లాసు విప్పి, బల్బు తీసి, హోల్డర్ లోపల టార్చి వేసి చూపించాడు. గోడల నిండా ఆకుపచ్చటి చిలుము. "కరెంటు వచ్చే దారి అందరూ చూస్తారు బాబూ, పోయే దారే ఎవరూ చూడరు" అన్నాడు. ఇరవై నిమిషాలు గీకి, తుడిచి, బిగించాడు. కొత్త సామాను ఒక్కటీ పడలేదు.

అప్పటినుంచి మా బండికీ, ఇంటి చుట్టుపక్కల వాళ్ళ బండ్లకీ ఇండికేటర్ పని నేనే చేస్తున్నాను. మన ఊళ్ళో పాత బండికి ఇండికేటర్ ఆగిందంటే ముందు చిలుమునే అనుమానించాలని ఈ పని నాకు నేర్పింది. లాసన్స్ బే, పెదజాలరిపేట, రుషికొండ, భీమిలి రోడ్డు, ఎక్కడ బండి పెట్టినా సముద్రపు గాలితో పాటు ఉప్పు వచ్చి కూర్చుంటుంది. ఉప్పుకి గాలిలో తేమని లాక్కునే గుణం ఉంది. అందుకే వాన లేని రోజున కూడా ఉప్పు పట్టిన చోట సన్నటి తడి పొర ఉంటుంది. హోల్డర్‌లో ఇత్తడి, ఇనుము, బల్బు అడుగున సీసం ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. వేరువేరు లోహాల మధ్య ఉప్పుతడి చేరితే వాటిలో ఒకటి తినేసుకుపోతుంది. పోర్టు వైపు రోజూ తిరిగే బండ్లకి దీనికి తోడు బొగ్గు దుమ్ము కూడా.

ఇంత చిన్న మకిలికే లైటు ఎందుకు ఆగుతుందని అనిపించవచ్చు. 12 వోల్టుల మీద 10 వాట్ల బల్బు తీసుకునే కరెంటు ఒక ఆంపియర్ కూడా ఉండదు, 0.83 మాత్రమే. వెలుగుతున్నప్పుడు ఆ బల్బు నిరోధం సుమారు 14 ఓమ్‌లు. దారిలో చిలుము ఒక 3 ఓమ్‌లు అడ్డుపడిందనుకోండి, బల్బు దగ్గరికి చేరేది 10 వోల్టులే. వోల్టేజి తగ్గిన దానికంటే వెలుగు చాలా ఎక్కువగా తగ్గుతుంది, దాదాపు సగానికి పడిపోతుంది. కరెంటు అంత తగ్గితే పాతరకం రిలే కూడా సరిగా కొట్టుకోదు. తప్పు హోల్డర్‌ది, నింద రిలేది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

స్టార్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, సన్నటి ఎమరీ పేపర్ ముక్క, పాత టూత్‌బ్రష్, కాస్త వాజలైన్, రెండు మూరల వైరు. మల్టీమీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. దాని బదులు టెస్ట్ ల్యాంప్ చేసుకోండి. మంచి ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకుని, దాని ఒంటికి ఒక వైరు, అడుగున సీసం చుక్కకి ఇంకో వైరు టంకం పెట్టించండి. చివర్లకి క్లిప్పులు తగిలించండి. ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టి, రెండోది అనుమానం ఉన్న చోట తగిలిస్తే, వెలిగితే అక్కడిదాకా కరెంటు వచ్చినట్టు. ఈ పనికి నాకు మీటర్ కంటే ఇదే నమ్మకం. మీటర్‌కి కరెంటు పేరుకి వచ్చినా చాలు, 12 అని చూపించేస్తుంది. బల్బు వెలగాలంటే నిజంగా కరెంటు పారాలి.

విప్పకముందే సగం తెలిసిపోతుంది

బండిని సెంటర్ స్టాండ్ వేసి, తాళం ఆన్ చేసి ముందు హారన్ కొట్టండి. పాత స్ప్లెండర్, ప్యాషన్ లాంటి బండ్లలో హెడ్‌లైటు ఇంజన్ తిరిగితేనే, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ నుంచి నేరుగా వెలుగుతుంది. కాబట్టి హెడ్‌లైటు బాగుందని బ్యాటరీ బాగున్నట్టు అనుకోకండి. హారన్, ఇండికేటర్ రెండూ బ్యాటరీ మీదే. హారన్ గట్టిగా మోగితే బ్యాటరీ, ఫ్యూజు సంగతి పక్కన పెట్టేయవచ్చు. గొంతు బొంగురుపోయినట్టు మోగినా, మోగకపోయినా ముందు వాటి పని చూడాలి.

తర్వాత ఎడమ, కుడి రెండూ వేసి చూడండి. ఒకవైపు చక్కగా కొట్టుకుని రెండోవైపు కొట్టుకోకపోతే రిలే బాగున్నట్టే, ఎందుకంటే రెండు వైపులకీ ఉన్నది ఒకటే రిలే. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే నాకు రెండు రిలేల డబ్బులు మిగిలేవి. మెకానిక్ రిలే పోయిందంటే, "రెండోవైపు కొట్టుకుంటోంది కదన్నా, చూడు" అని అడగండి.

లైటు వెలిగి కొట్టుకోకుండా నిలబడిపోయినా, ఉన్నట్టుండి వేగం పెరిగినా ఆ వైపు రెండు బల్బుల్లో ఒకటి కరెంటు తీసుకోవడం లేదని అర్థం. వేడికి వంగే లోహపు రేకు ఉన్న పాత రిలేలు రెండు బల్బుల బరువు, అంటే అవి లాగే కరెంటు, పడితేనే కొట్టుకుంటాయి, ఒకటి తగ్గితే బద్ధకిస్తాయి. ఇంకొన్ని రకాలు బరువు తగ్గితే వేగం పెంచుతాయి. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. అనుమానంగా ఉంటే ఫోన్‌లో పావు నిమిషం పెట్టుకుని లెక్కపెట్టండి, 15 నుంచి 30 మధ్య రావాలి.

ఎడమ వేస్తే కుడివైపు లైట్లు కూడా గుడ్డిగా మిణుకుమంటే అది ఎర్త్, అంటే కరెంటు బల్బు నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగి పోయే దారి, తెగిన గుర్తు. తన దారి మూసుకుపోయి కరెంటు పక్కదారి వెతుక్కుంటోంది.

బ్యాటరీ, ఫ్యూజు

ఇంజన్ రేజ్ చేస్తే కొట్టుకుని, స్లోలో ఆగిపోతుంటే బ్యాటరీ బలహీనపడింది. ఇంజన్ ఆపి గంట తర్వాత కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే కింద ఉంటే ఛార్జింగ్ పెట్టించండి. టెర్మినల్ మీద తెల్లటి పొడి ఉంటే విప్పి తుడవండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

ఫ్యూజు పోతే దాని మీద రాసి ఉన్న ఆంపియర్లదే వేయండి. రాగి పోగు, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి నడిపేవాళ్ళని చూశాను. షార్ట్ అయితే అప్పుడు కాలిపోయేది వైరింగ్ కిట్టు, అదీ పెట్రోల్ ట్యాంక్ కిందే.

వేసిన ఫ్యూజు వేసినట్టే పోతుంటే ఫ్యూజులు దండగ చేయకండి. ఫ్యూజు తీసేసిన రెండు కొసల మధ్య ఇందాకటి టెస్ట్ ల్యాంప్ తగిలించండి. హారన్, బ్రేకు ఏదీ నొక్కకుండా తాళం ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టే. ఇండికేటర్ వేసినప్పుడే ఫ్యూజు పోతుంటే స్విచ్చి కూడా ఆ వైపుకి పెట్టి చూడండి. ఇక వైర్లు ఒక్కో చోట కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బు వెలుగు ఒక్కసారిగా తగ్గుతుందో అక్కడే తోలు ఊడింది. ఎక్కువసార్లు వెనక మడ్‌గార్డు కిందే దొరుకుతుంది, టైరు విసిరే ఇసుకకి అరిగిపోయి. కొత్త నంబర్ ప్లేటు బిగించిన బోల్టు కింద వైరు నలిగి ఉండటం కూడా ఒకసారి చూశాను.

బల్బు, హోల్డర్: ఇక్కడ తొందరపడకండి

తాళం ఆఫ్ చేసి తీసేయండి. గ్లాసు స్క్రూలు మెల్లగా విప్పండి. ఉప్పుకి బిగుసుకుపోయి ఉంటాయి. తల అరిగిపోయిందంటే ఆ రోజంతా స్క్రూతోనే సరిపోతుంది. కదలకపోతే ఒక చుక్క నూనె వేసి టీ తాగి రండి.

బల్బుని లోపలికి నొక్కి ఎడమవైపు తిప్పితే ఊడి వస్తుంది. వెలుతురుకి ఎత్తి చూడండి, పోగు తెగితే తెలుస్తుంది. పోగు బాగుందని వెంటనే తిరిగి పెట్టేయకండి. బల్బు అడుగున సీసం చుక్క చూడండి. కొత్త బల్బుకి అది కందిగింజలా ఉబ్బి ఉంటుంది. ఏళ్ళ తరబడి అదిరి అదిరి అది చదునుగా అరిగి, మధ్యలో చిన్న గుంట పడుతుంది, పైన బూడిదరంగు పొర కడుతుంది. గోరుతో గీకితే కింద మెరుపు కనపడుతుంది. ఆ పొరే మన అడ్డు. గుంట మరీ లోతుగా ఉంటే కొత్త బల్బు వేయండి, అదే 12 వోల్టులు, 10 వాట్లది. మరీ పాత బుల్లెట్, యెజ్డీ లాంటివి 6 వోల్టులవి ఉంటాయి, వాటికి 12 వోల్టుల బల్బు పెడితే గుడ్డిగా వెలుగుతుంది.

ఇప్పుడు హోల్డర్ లోపలికి చూడండి. అడుగున స్ప్రింగ్ మీద ఇత్తడి మొన ఉంటుంది. వేలితో నొక్కితే చప్పున పైకి రావాలి. నీరసంగా లేస్తే స్ప్రింగ్ తుప్పు పట్టింది. ఎమరీ పేపర్‌ని బాల్ పెన్ను కొసకి చుట్టి లోపల తిప్పండి. ఆకుపచ్చ పొడి రాలుతుంది, దాన్ని బ్రష్‌తో దులిపి మళ్ళీ తిప్పండి. గోడల్లో లోహం రంగు కనపడేదాకా ఆపకండి. బల్బు చెవులు ఇరుక్కునే గాడి మర్చిపోతారు చాలామంది. నెగటివ్ దారి ఒంటి నుంచీ ఆ గాడి నుంచే పోతుంది, అక్కడ కూడా గీకాలి.

ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమవద్దు. నాకూ ఆ ఆలోచన వచ్చింది. చెంబునైతే నీళ్ళతో కడిగేస్తాం. హోల్డర్ మూలల్లో పులుపు మిగిలిపోతే నెల తిరిగేసరికి రెట్టింపు చిలుము వస్తుంది.

శుభ్రమయ్యాక బల్బు ఒంటికి, మొనకి వాజలైన్ పలచగా రాయండి. బల్బు బిగుసుకున్నాక లోహానికి లోహం తగులుతుంది, చుట్టూ జిడ్డు ఉండి తేమని రానివ్వదు. గ్లాసు వెనక రబ్బరు వాషర్ పగిలి ఉంటే మార్చండి. అది బాగోకపోతే ఈ శ్రమంతా ఒక్క వానాకాలానికే.

ఎర్త్ పరీక్ష

హోల్డర్ తళతళలాడుతున్నా లైటు రాకపోతే, వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి చుట్టి, రెండో కొస హోల్డర్ ఒంటికి గట్టిగా తాకించి ఇండికేటర్ వేయండి. వెలిగిందా, జబ్బు దొరికినట్టే. ఇనప కాడ ఉన్న పాత ఇండికేటర్లలో ఆ కాడే ఎర్త్. అది మడ్‌గార్డుకి బిగించే నట్టు కింద తుప్పు చేరితే దారి మూసుకుపోతుంది. ముచ్చటపడి మడ్‌గార్డుకి కొత్త రంగు వేయించినా అంతే, రంగులోంచి కరెంటు పోదు. నట్టు కింద పెయింటు గీకి బిగించండి. రబ్బరు కాడ ఉన్నవాటికి విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, దాని చివర చూడండి.

హీరో హోండా బండ్లలో ఎర్త్ వైరు ఆకుపచ్చ. నారింజ ఎడమవైపుకి, లేత నీలం కుడివైపుకి. బూడిదరంగుది రిలే నుంచి స్విచ్చికి వెళ్తుంది. తాళం ఆన్ చేస్తే కరెంటు వచ్చేది నల్ల వైరులో. అదే 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 దగ్గరికి వస్తే నలుపు ఎర్త్, చాక్లెట్ రంగు ఎడమ, ముదురు ఆకుపచ్చ కుడి. ఒక బండి అలవాటుతో ఇంకో బండి నల్ల వైరు పట్టుకుంటే ఫ్యూజు పోతుంది. అసలు ఇరవై ఏళ్ళ బండిలో ఎన్ని చేతులు ఏ రంగు వైరు అతికాయో ఎవరికి తెలుసు. రంగు చూసి ఊహించండి, టెస్ట్ ల్యాంప్ పెట్టి నమ్మండి.

ఇప్పుడు రిలే

రెండు వైపులా ఆగిపోయి, హారన్ బాగుంటేనే ఇక్కడికి రండి. రిలే సైడ్ డోర్ లోపలో, సీటు కిందో, హెడ్‌లైటు డోమ్ దగ్గరో ఉంటుంది. దొరక్కపోతే బండిని బట్టి వెతకాల్సిందే. ఇంకా టిక్ మంటుంటే చెవి పెడితే తెలుస్తుంది. రెండు వైర్ల రిలే అయితే రెండూ ఊడదీసి ఒకదానికొకటి కలిపి ఇండికేటర్ వేయండి. లైట్లు కొట్టుకోకుండా నిలకడగా వెలిగితే రిలే పోయింది, మార్చండి. వెలగకపోతే ఆ రెండు కొసలకీ విడివిడిగా టెస్ట్ ల్యాంప్ పెట్టండి. ఒకదానికి తాళం ఆన్‌లో కరెంటు ఉండాలి. లేకపోతే వెనకనుంచే రావడం లేదు. ఉంటే ముందున్న స్విచ్చిని చూడాలి.

కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్ళండి. దాని మీద వోల్టులు, వాట్లు రాసి ఉంటాయి. బి అని ఉన్న పిన్నుకి బ్యాటరీ వైపు వైరు, ఎల్ అని ఉన్నదానికి స్విచ్చి వైపు వైరు. మూడో పిన్ను ఇ ఉంటే అది ఎర్త్.

స్విచ్చి, మెడ దగ్గరి వైర్లు

స్విచ్చిని విప్పేముందు ఒకటి చేయండి. ఇండికేటర్ వేసి ఉంచి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. ఒక మూలలో వెలిగి, ఇంకో మూలలో ఆగిపోతే స్విచ్చి తప్పు లేదు, హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైరు లోపల తెగింది. పైన తోలు బాగానే కనపడుతుంది, లోపల పోగులు విరిగి ఉంటాయి. చేత్తో లాగితే ఆ చోట రబ్బరులా సాగుతుంది. అక్కడ కోసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగించండి. మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మన ఊళ్ళో పనికిరాదు. టేపు జిగురు ఎండకి కారిపోతుంది, సందులోంచి ఉప్పుతేమ లోపలికి పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా బండి రోజంతా ఆ వానలో నిలబడింది. మరుసటి ఏడాది హెడ్‌లైటు డోమ్ విప్పితే, టేపు చుట్టిన ప్రతి జాయింటూ నల్లటి పొడి అయిపోయి ఉంది. టంకం పెట్టి స్లీవ్ వేసిన ఒక్క జాయింటు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

స్విచ్చి విప్పాల్సి వస్తే కింద తెల్లగుడ్డ పరుచుకోండి. లోపల చిన్న స్ప్రింగ్, ఆవగింజ కంటే కాస్త పెద్ద స్టీలు గోలీ ఉంటాయి. మూత తీయగానే ఎగురుతాయి, నేల మీద పడితే దొరకవు. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇత్తడి పలకల మీద నల్లటి మకిలిని ఎమరీతో ఒక్క చెయ్యి రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. పెట్రోల్ పోసి కడగవద్దు. నిప్పురవ్వ భయం ఒకటి, ప్లాస్టిక్ పెళుసెక్కడం ఇంకొకటి.

ఎల్ఈడీ బల్బులు వేయాలనుకుంటే

చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎల్ఈడీ తీసుకునే కరెంటు చాలా తక్కువ, పాత రిలేకి ఆ బరువు చాలదు. ఎల్ఈడీకని అమ్మే ఎలక్ట్రానిక్ రిలే వేయాలి. అది వేశాక కూడా ఎడమ వేస్తే నాలుగూ వెలిగాయని కంగారుపడతారు. పాత బండ్ల మీటరులో రెండు వైపులకీ కలిపి ఒకటే బల్బు ఉంటుంది. అది ఎడమ వైరుకీ కుడి వైరుకీ మధ్య తగిలించి ఉంటుంది, అవతలివైపు బల్బుల్లోంచే ఎర్త్ తీసుకుంటుంది. మామూలు బల్బులు ఆ కొద్ది కరెంటుకి వెలగవు, ఎల్ఈడీలు వెలిగేస్తాయి. మీటరు బల్బుకి కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు రెండు పెట్టి, ఎర్త్ విడిగా ఇప్పిస్తే ఆగిపోతుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. నా మటుకు నేను మామూలు బల్బులే ఉంచాను. ఒకటి పోతే కొట్టుకునే తీరు మారి నాకు చెప్తుంది.

బాగయ్యేదాకా బండి తీయక తప్పకపోతే చెయ్యి చాపి సిగ్నల్ ఇవ్వండి, కాస్త ముందునుంచే. రాత్రి పూట ఎన్ఏడీ కూడలి దగ్గరో, గాజువాక వైపు హైవే మీదో వెనకవాళ్ళకి చెయ్యి కనపడదు. ఆ రోజుకి ఆటోలో పోవడమే మేలు.

బీచ్ రోడ్డులో తుంపర పడ్డ రోజున ఇంటికొచ్చి ఇండికేటర్లని మంచినీళ్ళ తడిగుడ్డతో తుడవండి. వాషింగ్‌కి ఇస్తే ప్రెషర్ నీళ్ళు గ్లాసు అంచుల మీద కొట్టవద్దని చెప్పండి. నెలకోసారి చీకటి పడ్డాక బండి వెనకభాగం గోడవైపు ఉండేలా నిలబెట్టి ఎడమ, కుడి వేసి చూడండి. సీటు మీద కూర్చునే తల తిప్పితే గోడ మీద నారింజ రంగు వెలుగు కొట్టుకోవడం కనపడుతుంది. రెండు వైపుల వెలుగూ ఒకేలా లేకపోతే గుడ్డిగా ఉన్నవైపు గ్లాసు మర్నాడే విప్పండి.